రేపియర్‌లో ఇద్దరికీ ఒకేసారి పోటు తగులుతోందా? ముందు ఎదుటి కత్తి సంగతి చూడండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "కాలేజీలో ఎపే (నేటి ఫెన్సింగ్ క్రీడలో ఒక రకం) ఆడేవాణ్ని. ఎమ్మెస్ కోసం జర్మనీ వచ్చాక ఇక్కడ పాత ఇటాలియన్ రేపియర్ (పొడవాటి, సన్నని పోటు కత్తి) నేర్పే క్లబ్బులో చేరాను. స్పీడు ఉంది, చెయ్యి కూడా బాగానే సాగుతుంది. కానీ దాదాపు ప్రతి బౌట్‌లో ఇద్దరికీ ఒకేసారి తగులుతోంది. బేసిక్స్‌లో నేను వదిలేస్తున్నది ఏమిటి?"

మీ సమస్య స్పీడులో లేదు. ఎదుటి మనిషి కత్తి మొన ఇంకా మీ ఛాతీ వైపు చూస్తుండగానే మీరు బయలుదేరుతున్నారు. ఎపేలో ఆ అలవాటుకి పెద్ద నష్టం ఉండదు. ఇద్దరికీ ఒకేసారి తగిలితే ఇద్దరికీ పాయింటు వస్తుంది. మీరు ఆధిక్యంలో ఉంటే అలాంటి డబుల్స్‌తోనే మ్యాచ్ ముగించవచ్చు. రేపియర్ మాత్రం నిజంగా ప్రాణాలు తీసిన ఆయుధం. ఆ కాలపు గురువులు పుస్తకాల్లో పెట్టిన శ్రమంతా ఒక్క విషయం కోసమే: నేను పొడిచేటప్పుడు ఎదుటివాడి కత్తి నన్ను పొడవలేని స్థితిలో ఉండాలి. నిలబడే తీరు, చేతి మలుపు, దూరం, సమయం, అడుగు అన్నీ దీని చుట్టూనే అల్లారు. దీన్ని పక్కన పెట్టి మిగతావి ఎంత బాగా చేసినా అది పొడవాటి కత్తితో ఆడే ఎపేగానే మిగిలిపోతుంది.

ఈ విద్య ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చెప్తాను, ఎందుకంటే మీ క్లబ్బులో వినిపించే పేర్లన్నీ అక్కడివే. 1553లో రోమ్‌లో కమిల్లో అగ్రిప్పా ఒక పుస్తకం అచ్చువేశాడు. ఆయన వృత్తిరీత్యా ఇంజనీరు. సెయింట్ పీటర్స్ చర్చి ముందున్న ఆవరణలోకి పెద్ద రాతిస్తంభాన్ని ఎలా తరలించాలో కూడా తర్వాత ఒక పుస్తకం రాశాడు. అంతకుముందు కత్తి పట్టి నిలబడే భంగిమలకు రకరకాల అలంకారమైన పేర్లుండేవి. అగ్రిప్పా వాటిని ముఖ్యంగా నాలుగుకి కుదించి, చేతి స్థితిని బట్టి అంకెలు ఇచ్చాడు: ప్రీమా, సెకొందా, తేర్త్సా, క్వార్తా. అరవై ఏళ్లు తిరక్కముందే ఈ పద్ధతి పూర్తి రూపానికి వచ్చింది. 1606లో వెనిస్‌లో నికొలెత్తో జిగాంతి పుస్తకం, అదే ఏడాది కోపెన్‌హాగెన్‌లో సాల్వతోర్ ఫాబ్రిస్ పుస్తకం, 1610లో సియెనాలో రిదోల్ఫో కాపో ఫెర్రో పుస్తకం వచ్చాయి. ఫాబ్రిస్ పాదువా మనిషి, డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ కొలువులో ఉండగా రాశాడు. కాపో ఫెర్రో అయితే సియెనాలో చదువుకోవడానికి వచ్చిన జర్మన్ విద్యార్థులకు గురువు. చదువు కోసం పరాయి దేశం వెళ్లి కత్తి నేర్చుకున్నవాళ్లలో మీరు మొదటివారేం కాదు.

ముగ్గురిలో ముందు జిగాంతిని చదవండి. చిన్న పుస్తకం, సూటిగా ఉంటుంది. ఒక బొమ్మ, ఆ బొమ్మలో ఏం జరిగిందో వివరణ, అంతే. కాపో ఫెర్రో పుస్తకం మొదటి సగం నిర్వచనాలతో నిండి ఉంటుంది, కొంత అనుభవం వచ్చాక అవి వెలుగుతాయి. ఫాబ్రిస్ అందరికంటే లోతు, కానీ ఆయన బొమ్మల్లో నడుము దగ్గర అంతగా వంగి నిలబడిన మనుషుల్ని చూసి మొదటి నెలలోనే అనుకరిస్తే నడుం నొప్పి తప్ప మరేమీ రాదు.

ఇక కత్తి. ఎపే బరువు నిబంధన ప్రకారం 770 గ్రాములు దాటకూడదు, బ్లేడు 90 సెంటీమీటర్లు. రేపియర్ బ్లేడు తరచుగా 100 నుంచి 115 సెంటీమీటర్లు, మొత్తం బరువు కిలో పైనే. ఈ తేడా చాలా విషయాల్ని మార్చేస్తుంది. మణికట్టు విదిలించి మొనని అటూ ఇటూ ఎగరేసే పనులు ఇక్కడ సాగవు. మొదలుపెట్టిన కదలికని మధ్యలో ఆపి ఇంకోవైపు తిప్పడం కష్టం. అందుకే తొందరపడ్డవాడు ఇక్కడ ఎపేలో కంటే పెద్ద మూల్యం చెల్లిస్తాడు. చూపుడువేలు పిడి దగ్గరి అడ్డకమ్మీ దాటించి, బ్లేడు మొదట్లో పదును లేని భాగం మీద వేయండి. మొన ఎక్కడుందో ఆ వేలికి తెలుస్తుంది. పిస్టల్ గ్రిప్ (తుపాకీ పిడిలా వేళ్లు ఇమిడే ఎపే పిడి) అలవాటున్నవాళ్లు పిడిని గట్టిగా బిగిస్తారు, భుజం దాకా బిగుసుకుంటుంది. వదులుగా పట్టుకోండి. బిగింపు పోటు తగిలే క్షణంలో చాలు.

బ్లేడులో పిడి వైపు సగాన్ని ఫోర్తె అంటారు, మొన వైపు సగాన్ని దేబొలె అంటారు. ఒకటి బలం, రెండోది బలహీనం. ఫాబ్రిస్ ఇంకా సూక్ష్మంగా నాలుగు భాగాలు చేశాడు. తలుపుని బందు దగ్గర తోస్తే కదలదు, అంచు దగ్గర వేలితో తోసినా కదులుతుంది. కత్తి కూడా అంతే. నా బలమైన భాగం ఎదుటివాడి బలహీన భాగం మీదికి వస్తే, అతను పహిల్వాన్ అయినా సరే, నా చెయ్యి పెద్దగా శ్రమ పడకుండానే అతని మొన పక్కకి పోతుంది. రేపియర్‌లో కండబలం గురించి ఎవరైనా బెంగపడుతుంటే నేను ముందు ఈ ఒక్క సంగతి చేతికి తెలిసేలా చూపిస్తాను.

నిలబడే తీరు గురించి ఎక్కువ చెప్పను, మీ గురువు సరిచేస్తారు. కాపో ఫెర్రో పద్ధతిలో బరువు ఎక్కువగా వెనక కాలి మీద ఉంటుంది, వెనక మోకాలు వంగి, ఒళ్లు దానివైపు వాలి ఉంటుంది. దీనివల్ల ఛాతీ దూరంగా ఉంటుంది, ముందుకి సాగడానికి చోటు మిగులుతుంది. ఎపేలో లాగా ఎగురుతూ ఉండకండి. ప్రతి ఎగురులో పాదాలు నేలని వదిలే క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణంలో మీరు ఏమీ చేయలేరు, అవతలివాడు అన్నీ చేయగలడు.

చేతి స్థితులు మాత్రం నిద్రలో లేపి అడిగినా వచ్చేయాలి. కుడిచేతివాటం వాళ్లకి చెప్తున్నాను. ఒరలోంచి కత్తి దూసి మొన ఎదుటివాడి వైపు తిప్పగానే చెయ్యి ఎలా ఉంటుందో అది ప్రీమా, పిడికిలి గణుపులు ఆకాశం వైపు చూస్తాయి. అక్కణ్నుంచి తిప్పుకుంటూ వస్తే అరచెయ్యి నేలని చూసేది సెకొందా, బొటనవేలు పైకి ఉండేది తేర్త్సా, అరచెయ్యి పైకి చూసేది క్వార్తా. మామూలుగా నిలబడేది తేర్త్సాలో. ఎడమవైపు నుంచి, అంటే లోపలి వైపు నుంచి వచ్చే కత్తిని క్వార్తా మూస్తుంది. కుడివైపు నుంచి, అంటే బయటి వైపు నుంచి వచ్చేదాన్ని సెకొందా మూస్తుంది, కొన్నిసార్లు తేర్త్సా కూడా సరిపోతుంది. చెయ్యి తిరిగినప్పుడు పిడి గార్డు, బ్లేడు వాదర కలిసి ఎదుటి కత్తికి అడ్డంగా నిలబడతాయి. ఎదుటి కత్తిని కొట్టి పక్కకి నెట్టే పని వేరు, ఇది వేరు. చెయ్యి పెద్దగా పక్కకి పోదు, తిరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇటాలియన్లు స్ట్రింజెరె అన్నారు, కొందరు కత్తిని గెలవడం అన్నారు, ఫాబ్రిస్ కత్తిని కనుగొనడం అన్నాడు. దూరం నుంచి దగ్గరికి వస్తూ, నా కత్తిని ఎదుటి కత్తి మీదుగా కొంచెం అడ్డంగా ఉండేలా పెడతాను. నా బలమైన భాగం అతని బలహీన భాగం వైపు ఉండాలి. నా మొన అతన్ని వదిలి బయటికి పోకూడదు. అతని మొన నుంచి నా శరీరానికి ఉన్న సూటి దారి మూసుకుపోవాలి. అంతే, ఇంకేమీ లేదు. ఎదుటి బ్లేడుని నొక్కకండి. నొక్కితే అతనికి కబురు అందుతుంది, కింది నుంచి జారిపోతాడు, మీ కత్తి గాల్లో పక్కకి పడిపోతుంది. ఫాబ్రిస్ అయితే తాకకుండానే కనుగొనమంటాడు. మొదట్లో తేలిగ్గా తాకడం పర్లేదు, చేతికి తెలుస్తుంది. తర్వాత అది కూడా మానేయాలి.

దొరికిందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్లందరి చేతా దీన్ని విసుగొచ్చేదాకా చేయిస్తాను. పార్ట్‌నర్ తేర్త్సాలో నిలబడతాడు. మీరు లోపలి వైపు నుంచి అతని కత్తిని కనుగొని అక్కడే ఆగిపోండి. ఇప్పుడు అతను మీ ఛాతీ మీదికి మెల్లగా చెయ్యి చాపి, నెమ్మదిగా అడుగు వేయాలి. మీరు చెయ్యి కదపకూడదు. అతని మొన మిమ్మల్ని దాటి పక్కకి పోతే దొరికినట్టు. మీ జాకెట్‌కి తగిలితే దొరకలేదు. తగిలిందంటే కారణం దాదాపు ఎప్పుడూ మూడింట్లో ఒకటి: మీ చెయ్యి మరీ కిందకి ఉంది, మీ మొన వైపు భాగంతో అతని మధ్యభాగాన్ని ఆపబోయారు, లేదా మొన బాగా పక్కకి పోయి కత్తి అడ్డంగా పడింది. సరిచేసి మళ్లీ చేయండి. తర్వాత బయటి వైపు నుంచి. ఆ తర్వాత అతను కత్తిని కొంచెం కిందకి, కొంచెం పక్కకి మారుస్తూ ఉంటే. ఈ పరీక్షలో నిలకడగా నెగ్గే రోజు వచ్చేసరికి మీ డబుల్స్ సగానికి పైగా వాటంతటవే పోతాయని గట్టిగా నమ్ముతున్నాను.

దీన్ని ఎంత దూరంలో చేయాలన్నది తర్వాతి ప్రశ్న. దూరానికి మిజూరా అని పేరు. ముందు కాలు సాచి ఒళ్లంతా చాపితే అందే దూరం మిజూరా లార్గా. పాదం కదపకుండా ఒళ్లు వాల్చి చెయ్యి చాపితే అందే దూరం మిజూరా స్ట్రెత్తా. ఎదుటి కత్తిని కనుగొనే పని మిజూరా లార్గాలోకి అడుగు పెడుతూ ఉండగానే మొదలై, అడుగు ఆనేసరికి పూర్తి కావాలి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మీరు ముందు దూరంలోకి వచ్చేసి, ఆ తర్వాత ఏం చేయాలా అని ఆలోచిస్తున్నారు. ఆ ఆలోచించే కాసేపు ఇద్దరి మొనలూ ఇద్దరి మీదా ఉంటాయి. టెన్షన్‌లో ఎవరో ఒకరు బయలుదేరతారు, రెండోవారూ బయలుదేరతారు. కత్తి దొరక్కపోతే లోపల ఉండకండి, ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ మొదలుపెట్టండి. వెనక్కి తగ్గడంలో నామోషీ ఏమీ లేదు.

తర్వాత టెంపో. ఎదుటివాడు దూరంలో ఉండి ఏదైనా కదలిక చేస్తే, ఆ కదలిక పూర్తయ్యేలోపు అతను ఇంకో పని చేయలేడు. ఆ వ్యవధే నాకు దొరికిన టెంపో. పాదం ఎత్తాడు, భంగిమ మార్చాడు, కత్తి పక్కకి తీశాడు, అన్నీ టెంపోలే. ఎపేలో మీరు టైమింగ్ అనేది దీనికి దగ్గరే. అయితే అక్కడ టైమింగ్ ఒక్కటే చాలుతుంది, ఇక్కడ అది మూసిన దారితో కలిసి రావాలి.

జిగాంతి తన పుస్తకంలో ముందుగా చూపించే ఆటలో కత్తి, దూరం, సమయం మూడూ ఒకచోట కలుస్తాయి. నేను లోపలి వైపు నుంచి ఎదుటి కత్తిని గెలిచాను. ఇక అతని ముందు రెండే దారులు. ఏమీ చేయకుండా నిలబడితే, నేను క్వార్తాలోకి చెయ్యి తిప్పుతూ అతని బ్లేడు వెంబడే సూటిగా పొడుస్తాను. దారి నా ఫోర్తె మూసి ఉంచింది కాబట్టి అతను చెయ్యి చాపినా నాకు తగలదు. రెండోది, అతను నా పిడి కిందుగా మొనని తిప్పి బయటి వైపుకి వస్తాడు. దీన్ని కవాత్సియోనె అంటారు. కానీ అలా తిప్పడమే ఒక కదలిక, అదే నాకు టెంపో. అతని మొన కింద తిరుగుతుండగానే నేను చేతిని సెకొందాలోకి మలుపుతూ పొడుస్తాను. అతని కత్తి పైకి వచ్చేసరికి అక్కడ నా గార్డు ఉంటుంది, నా మొన అప్పటికే చేరిపోయి ఉంటుంది. అడ్డుకోవడం, పొడవడం రెండు పనులు కావు, ఒకే కదలిక. బయటి వైపు నుంచి గెలిస్తే ఇదంతా తిరగబడుతుంది: అతను లోపలికి తిప్పుతాడు, నేను క్వార్తాలో పొడుస్తాను. ఈ నాలుగు సందర్భాలూ ఒంటికి పట్టేదాకా ఇంకేదీ నేర్చుకోకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం. ఫెయింట్లు, అంటే ఎదుటివాణ్ని మోసగించే ఉత్తుత్తి కదలికలు, కూడా ఇక్కడినుంచే పుడతాయి. ఒళ్లు వెనకే ఉంచి కవాత్సియోనె చేసినట్టు చూపిస్తే, అతను దాన్ని టెంపో అనుకుని వస్తాడు, వచ్చే కత్తి కోసం నేను సిద్ధంగా ఉంటాను.

మీ కవాత్సియోనె కూడా ఒకసారి చూసుకోండి. ఎపే నుంచి వచ్చినవాళ్లు వేళ్లతో చిన్నగా తిప్పడం తెలిసినవాళ్లే, కానీ బరువైన కత్తి చేతిలోకి రాగానే మోచెయ్యి వాడటం మొదలుపెడతారు. వృత్తం పెద్దదైపోతుంది, అవతలివాడికి పెద్ద టెంపో దొరుకుతుంది. మొన ఎదుటి గార్డుని రాసుకుంటున్నంత దగ్గరగా తిరగాలి, తిరుగుతూనే ముందుకి కూడా సాగాలి.

పొడిచే అడుగుని జిగాంతి స్తొక్కాతా లుంగా అన్నాడు. బారు పోటు అనుకోండి. ముందు చెయ్యి, తర్వాత ఒళ్లు, చివర పాదం. ఎపే నేర్పినవాళ్లు మీకు చెయ్యి ముందు అనే చెప్పి ఉంటారు, కాబట్టి ఇక్కడ మీకు లాభం ఉంది. తేడా ఏమిటంటే ఇక్కడ చెయ్యి ముందు వెళ్లేది త్వరగా చేరడానికే కాదు, దారి మూసి ఉంచడానికి కూడా. పాదం ముందు కదిలితే మూత లేకుండా ఛాతీని తీసుకెళ్లి అప్పగించినట్టే. చెయ్యి భుజం ఎత్తులో ఉండాలి. చివర్లో చెయ్యి కిందకి జారడం చాలామందిలో చూస్తాను. దారి అక్కడే తెరుచుకుంటుంది, డబుల్ అక్కడే పుడుతుంది.

వెనక్కి రావడాన్ని చాలామంది అసలు సాధనే చేయరు, ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. పోటు తగలగానే ఆట ముగిసినట్టు నిలబడిపోతారు. ఆ రోజుల్లో పోటు తిన్న మనిషి వెంటనే పడిపోవాలని లేదు. ప్రాణం పోయే గాయం తగిలినవాడు కూడా తిరిగి ఒక పోటు పొడవగలడు. జిగాంతి ముందు తల, దానితో ఒళ్లు వెనక్కి తీయమంటాడు, పాదం ఆ తర్వాతే. కత్తి మాత్రం అతని కత్తి మీదే ఉంటుంది, దూరం దాటేదాకా వదలదు. మీ క్లబ్బులో తగిలిన తర్వాత ఒక అడుగు లోపల తిరిగి కొట్టే అవకాశం ఇచ్చే నియమంతో కొన్ని బౌట్లు ఆడించమని అడగండి. చాలా అలవాట్లు వాటంతటవే మారతాయి.

వేట్లు, పక్కకి తప్పుకునే అడుగులు, ఎడమచేతిలో బాకు, ఇవన్నీ ఉన్నాయి. వెనక కాలిని కుడివైపుకి తిప్పి ఒంటిని దారిలోంచి తీసేసే ఇన్‌క్వార్తాతా, ఎదుటి కత్తి కిందకి దిగిపోయే పస్సాతా సొత్తో బొమ్మల్లో చూడటానికి అద్భుతంగా ఉంటాయి, వీడియోల్లో అందరూ అవే పెడతారు. అవి కత్తి మీద పట్టు ఉన్నవాడు అత్యవసరంలో వాడేవి. బాకు చేర్చితే ఇంకో సమస్య ఉంది: కత్తితో దారి మూయడం రాని మనిషి ఆ పని అంతా బాకు మీద పడేస్తాడు, ఇక కత్తి ఎప్పటికీ నేర్చుకోడు. జిగాంతి కూడా ఒంటి కత్తితోనే మొదలుపెట్టాడు.

రక్షణ గురించి మాట దాటవేయలేను. మీ ఎపే మాస్క్ ముందువైపు బాగానే ఉంటుంది కానీ తల వెనక భాగం ఖాళీ. ఇక్కడ తల మీద వేట్లు పడతాయి, పక్కకి తిరిగే అడుగులూ ఉంటాయి, కాబట్టి వెనక కూడా కప్పు ఉండాలి. గొంతుకి గట్టి గార్డు లేకుండా ఒక్క బౌట్ కూడా ఆడకండి. కనీసం 350 న్యూటన్ల పోటుని తట్టుకునే జాకెట్, మోచేతికి, వేళ్లకి రక్షణ ఉండాలి. కత్తి మొన మీద రబ్బరు తొడుగు చిరిగిందేమో ప్రతిసారీ చూసుకోండి. రేపియర్ బ్లేడు ఎపే అంత తేలిగ్గా వంగదు, ఇద్దరూ ఎదురెదురుగా దూసుకొస్తే ఆ వేగమంతా ఒక చోట పడుతుంది. డబుల్స్ తగ్గించుకోవడం కళకోసమే కాదు, మీ పక్కటెముకల కోసం కూడా.

వచ్చే క్లాసులో ఏం చేయాలంటే, స్పీడుని సగానికి తగ్గించి ఆడటానికి ఒప్పుకునే ఒక పార్ట్‌నర్‌ని వెతుక్కోండి. ముందు పైన చెప్పిన పరీక్ష. తర్వాత నాలుగు సందర్భాలు, అతను ఏది చేస్తాడో ముందే చెప్పి. ఆ తర్వాత చెప్పకుండా. చివరికి మామూలు బౌట్, కానీ కత్తిని కనుగొనకుండా పొడిచిన పోటు తగిలినా లెక్కలోకి రాదన్న నియమంతో. మొదట్లో మీరు వరసగా ఓడిపోతారు, ఎందుకంటే మీ బలమైన ఆయుధం స్పీడుని మీరే పక్కన పెట్టారు. పట్టించుకోకండి. చెయ్యి నేర్చుకున్నాక ఆ స్పీడు ఎలాగూ తిరిగి వస్తుంది.

ఒకటి మాత్రం రాయలేదు మీరు: క్లబ్బు కత్తి వాడుతున్నారా, సొంతది కొన్నారా? కాపో ఫెర్రో లెక్కలో కత్తి పొడవు మన చేతికి రెట్టింపు ఉండాలి. కత్తి మీ ఒంటికి మరీ పొడవైతే కవాత్సియోనె నెమ్మదిస్తుంది, మరీ పొట్టిదైతే ఎదుటి దేబొలె మీదికి మీ ఫోర్తె చేరదు. మీ ఎత్తు, చేతి పొడవు, బ్లేడు పొడవు ఇక్కడ రాస్తే సరిపోతుందో లేదో చెప్తాను. కొత్తది కొనాలనుకుంటే అది తేలేదాకా ఆగండి.